ఓక్లహోమా తోక చివర సిమరాన్ కౌంటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు రాగానే డాలస్ నుంచి కొలరాడోకి కార్లో బయల్దేరే తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. మధ్యలో ఓక్లహోమాలో ఓ గంట కూడా గడవని ముక్క ఒకటి తగులుతుంది. తిరిగొచ్చాక అందరూ దాదాపు అవే ప్రశ్నలు వేస్తారు: "అక్కడ ఓక్లహోమా ఎందుకొచ్చింది? రోడ్డు మధ్యలో ఆ కోర్టు ఏంటి? మనుషులు ఏరీ?" ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## ముందు మామూలు సంగతులు

సిమరాన్ కౌంటీ ఎక్కడుంది? మ్యాప్‌లో ఎలా గుర్తుపట్టాలి?

ఓక్లహోమా మ్యాప్ చూస్తే కాడ ఉన్న పెనంలా ఉంటుంది. పడమటి వైపు సాగిన ఆ సన్నటి కాడని అక్కడివాళ్లు ప్యాన్‌హ్యాండిల్ అంటారు. అందులో మూడు కౌంటీలున్నాయి: బీవర్, టెక్సస్, సిమరాన్. తూర్పు నుంచి లెక్కపెడితే చిట్టచివరిది సిమరాన్. టెక్సస్ అనే పేరుతో ఓక్లహోమాలో ఒక కౌంటీ ఉండటం చూసి కంగారు పడకండి, అది పేరు మాత్రమే.

కౌంటీ అంటే మన జిల్లానేనా? కలెక్టర్ ఉంటాడా?

రాష్ట్రానికీ ఊరికీ మధ్య ఉండే పాలనా విభాగం కాబట్టి జిల్లా అనుకోవచ్చు. కానీ కలెక్టర్ ఉండడు, పైనుంచి ఎవరినీ వేయరు. ఓక్లహోమాలో 77 కౌంటీలున్నాయి. ఒక్కోదానికి ముగ్గురు కమిషనర్లు, షెరీఫ్, ట్రెజరర్, ఆస్తుల విలువ కట్టే అసెసర్, ఇలా అందరూ ఓట్లతో గెలిచి వచ్చేవాళ్లే. కౌంటీని మూడు ముక్కలు చేసి తలా ఒక ముక్క రోడ్లు కమిషనర్లకి అప్పగిస్తారు. మట్టిరోడ్డు మీద గుంత పడితే ఎవరిని అడగాలో ఊళ్లో అందరికీ తెలుసు.

ఎంత పెద్దది? ఎంతమంది ఉంటారు?

విస్తీర్ణం 1,841 చదరపు మైళ్లు, అంటే దాదాపు 4,770 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ జిల్లాకి ఇరవై రెట్ల పైమాటే. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 2,296. మన దగ్గర ఒక మోస్తరు అపార్ట్‌మెంట్ల సముదాయంలో ఉండేంతమంది. అందులోనూ సగం మంది కౌంటీ కేంద్రమైన బాయ్స్ సిటీలోనే ఉంటారు. ఓక్లహోమాలో అతి తక్కువ జనాభా ఉన్న కౌంటీ ఇదే.

నాలుగు రాష్ట్రాలు దీనికి తగులుతాయంటారు, నిజమా?

నిజమే. ఉత్తరాన కొలరాడో, కాన్సస్, పడమట న్యూ మెక్సికో, దక్షిణాన టెక్సస్. సొంత రాష్ట్రం కాకుండా మరో నాలుగు రాష్ట్రాల సరిహద్దులు తాకే కౌంటీ అమెరికా మొత్తంలో ఇదొక్కటే.

సిమరాన్ అంటే అర్థం ఏంటి?

అది స్పానిష్ మాట. అడవిపట్టినది, మచ్చిక లేనిది, కట్టు తెంచుకుని పారిపోయినది అనే అర్థాలున్నాయి. ముందు ఆ పేరు నదికి వచ్చింది, నది నుంచి కౌంటీకి వచ్చింది. సిమరాన్ నది న్యూ మెక్సికోలో పుట్టి, ఈ కౌంటీ వాయవ్య మూల గుండా వెళ్లి కొలరాడోలోకి జారుకుంటుంది. చాలా రోజులు ఇసుక తప్ప నీరు కనపడదు. మన హీరోయిన్ సిమ్రన్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఈ ప్రశ్న నిజంగానే వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

## ఎలా పుట్టింది

ఈ కాడ ఓక్లహోమాకి ఎందుకు అతుక్కుంది? టెక్సస్‌లోనో కాన్సస్‌లోనో ఎందుకు లేదు?

నాలుగు వైపులా ఎవరి గీత వాళ్లు గీసుకుంటే మధ్యలో మిగిలిపోయిన ముక్క ఇది. పొలాలు కొలిచాక గట్ల మధ్య ఎవరి పేరునా ఎక్కని చారెడు నేల మిగులుతుంది చూడండి, అలాంటిది. కాకపోతే ఈ చారెడు 167 మైళ్ల పొడవు, 34 మైళ్ల వెడల్పు.

దక్షిణపు గీత వెనక ఉన్నది బానిసత్వం. పడమటి భూముల్లో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసలు ఉండకూడదని 1820లో ఒక రాజీ కుదిరింది. టెక్సస్ 1845లో బానిసల రాష్ట్రంగా అమెరికాలో చేరింది. ఆ గీతకి పైన కూడా తనదని చెప్పుకునే నేల దానికి ఉండేది. బానిసలను వదులుకోవడం కన్నా నేలను వదులుకోవడమే మేలనుకుంది. 1850లో ఆ పై భాగాన్నీ, పడమటి వైపు ఇంకా చాలా భూమినీ కేంద్రానికి ఇచ్చేసి, కోటి డాలర్లు తీసుకుని అప్పులు తీర్చుకుంది.

అదే ఏడు న్యూ మెక్సికో తూర్పు హద్దు 103వ రేఖాంశం దగ్గర ఆగింది. 1854లో కాన్సస్ ఏర్పడినప్పుడు దాని దక్షిణపు హద్దు కూడా 36 డిగ్రీల 30 నిమిషాల దగ్గరే పెడదామనుకున్నారు. అలా చేస్తే చెరోకీ తెగవాళ్లకి రాసిచ్చిన భూమి రెండు ముక్కలయ్యేది. అందుకని గీతను 37వ డిగ్రీకి జరిపారు. చెరోకీల భూమేమో తూర్పున 100వ రేఖాంశం దగ్గర అయిపోయింది. అంతే, నాలుగు గీతల మధ్య ఏ రాష్ట్రానికీ చెందని పట్టీ మిగిలింది. దాన్ని 1890 దాకా ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు.

"నో మ్యాన్స్ ల్యాండ్" అంటే అక్కడ మనుషులే లేరా?

ఉన్నారు. కొమాంచీ, కయోవా తెగలవాళ్లు ఎద్దుల్లాంటి బైసన్‌ల వెంట తిరిగిన నేల అది. తర్వాత పశువుల కాపర్లు వచ్చారు, 1880ల మధ్యలో సేద్యం చేసుకుందామని కుటుంబాలు వచ్చాయి. లేనిది మనుషులు కాదు, ప్రభుత్వం. పట్టా ఇచ్చే ఆఫీసు లేదు, కోర్టు లేదు, పన్ను లేదు. గడ్డి మట్టిని ఇటుకల్లా కోసి ఇల్లు కట్టుకున్నా అది మీ ఇల్లని చెప్పే కాగితం ఎక్కడా దొరకదు. తగాదాలు వస్తే తీర్చడానికి జనమే కమిటీలు వేసుకున్నారు. ఏ చట్టమూ లేని చోటు కాబట్టి దొంగలకి కలిసొచ్చిన మాటా నిజమే. 1860లలో కో అనేవాడి ముఠా, ఇప్పుడు న్యూ మెక్సికో అంచున కెంటన్ అనే ఊరున్న చోటికి దగ్గర్లో, రాతి గుట్ట మీద కోటలాంటి ఇల్లు కట్టుకుని దారి దోపిడీలు చేసింది. కానీ దొంగల కథలు చెప్పుకున్నంతగా పట్టా కోసం ఎదురుచూసిన రైతుల కథ ఎవరూ చెప్పుకోరు.

సొంతంగా వేరే రాష్ట్రం పెట్టుకోవాలని చూశారట?

చూశారు. 1887లో బీవర్ సిటీలో సమావేశమై "సిమరాన్ టెరిటరీ" అని ప్రకటించుకున్నారు (టెరిటరీ అంటే ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం), ఎన్నికలు పెట్టుకున్నారు, వాషింగ్టన్‌కి ప్రతినిధిని కూడా పంపారు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఈలోగా 1889లో తూర్పున ఓక్లహోమా భూములను సేద్యానికి వచ్చేవాళ్లకి తెరిచారు, అక్కడైతే పట్టా దొరుకుతుందని చాలామంది బండి కట్టుకుని వెళ్లిపోయారు. 1890 మే 2న వచ్చిన చట్టం ఈ పట్టీని ఓక్లహోమా టెరిటరీలో కలిపింది. కలవాలా వద్దా అని పట్టీలో ఎవరినీ ఓటు అడగలేదు.

కౌంటీగా ఎప్పుడు మారింది?

1907 నవంబర్ 16న, ఓక్లహోమా రాష్ట్రమైన రోజునే. అప్పటిదాకా పట్టీ మొత్తం బీవర్ అనే ఒకే కౌంటీ. పడమటి కొసన ఉన్నవాడికి కోర్టు పని పడితే గుర్రబ్బండిలో వంద మైళ్ల ప్రయాణం. రాష్ట్రావతరణతో దాన్ని మూడు చేశారు. మొదట కెంటన్ తాత్కాలిక కేంద్రంగా ఉంది, 1908లో ఓట్లు పెడితే బాయ్స్ సిటీకి మారింది.

అంతకుముందు ఆ దారిన ఎవరైనా వెళ్లేవారా?

మిస్సోరీ నుంచి శాంటా ఫే వెళ్లే వర్తకుల బండ్లు 1820ల నుంచీ వెళ్లాయి. కొండదారి కన్నా ఇది దగ్గరి దారి, కానీ నీళ్లు దొరకవు. ఈ కౌంటీలో ఆటోగ్రాఫ్ రాక్ అనే బండ ఉంది. ఆగిన ప్రయాణికులు పేర్లు, తేదీలు చెక్కి వెళ్లారు. గుడి మెట్ల మీద పేరు చెక్కే అలవాటు మనకొక్కరికే కాదు. 1865లో బండ్లకి కాపలాగా కిట్ కార్సన్ అనే సైనికాధికారి ఇక్కడ క్యాంప్ నికల్స్ అనే చిన్న కోట కట్టించాడు. అది కొన్ని నెలలే పనిచేసింది.

## బాయ్స్ సిటీ గురించి

పేరు బాయిసీ సిటీనా, బాయ్స్ సిటీనా?

ఐడహో రాజధాని బాయిసీ. స్పెల్లింగ్ అదే అయినా ఇక్కడివాళ్లు "బాయ్స్" అనే అంటారు. తెలుగులో రాస్తే అబ్బాయిల ఊరిలా ఉంటుంది, ఏం చేస్తాం. అయితే "బాయిసీ" మాట ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి: ఫ్రెంచ్‌లో చెట్లున్న చోటు అని అర్థం. ఈ ఊరు పుట్టినప్పుడు ఇక్కడ చెట్టన్నది లేదు.

ఆ ఊరు రియల్ ఎస్టేట్ మోసంతో మొదలైందంటారు, ఎంతవరకు నిజం?

పూర్తిగా నిజం. 1908లో ముగ్గురు మనుషులు ఒక డెవలప్‌మెంట్ కంపెనీ పేరుతో బ్రోచర్ వేశారు. చెట్ల నీడలో చక్కటి వీధులు, వేసిన రోడ్లు, దుకాణాలు, రైలు, తనంతట పైకి ఉబికే బావి, అన్నీ ఉన్నాయని రాశారు. వేరే రాష్ట్రాల జనం నమ్మి కొన్నారు. దాదాపు 3,000 ప్లాట్లు అమ్ముడుపోయాయి.

సామాన్లతో దిగినవాళ్లకి కనిపించింది గడ్డి, గాలి, అక్కడక్కడా పాతిన గుర్తు కొయ్యలు. రైలు లేదు, రోడ్డు లేదు, బావి లేదు. అన్నిటికన్నా ఘోరం, అమ్మినవాళ్ల పేరున ఆ భూమే లేదు. నగర శివార్లలో రంగురంగుల గేటు చూసి అడ్వాన్స్ కట్టిన అనుభవం ఉన్న తెలుగువాడికి దీన్ని ఇంతకన్నా వివరించక్కర్లేదు.

ఇద్దరికి పోస్టు ద్వారా మోసం చేసిన నేరం కింద శిక్ష పడింది, కాన్సస్‌లోని లెవెన్‌వర్త్ జైలుకి వెళ్లారు. మూడోవాడు క్షయతో శిక్ష మొదలవకముందే పోయాడు. విచిత్రం ఏంటంటే, మోసపోయినవాళ్లలో కొందరు వెనక్కి వెళ్లలేదు. కొన్నది దొరక్కపోయినా అక్కడే ఇల్లు కట్టుకున్నారు. బ్రోచర్‌లో రాసిన రైలు చివరికి 1925లో వచ్చింది, పదిహేడేళ్లు ఆలస్యంగా.

అమెరికా విమానమే ఆ ఊరి మీద బాంబులు వేసిందట?

వేసింది. 1943 జూలై 5, అర్ధరాత్రి దాటాక. దక్షిణాన టెక్సస్‌లోని డాల్‌హార్ట్ సైనిక స్థావరం నుంచి ఒక బీ-17 విమానం సాధన కోసం లేచింది. కాన్లెన్ అనే ఊరి దగ్గరున్న గురి మీద బాంబులు వదలాలి. గురికి గుర్తు చీకట్లో నాలుగు దీపాలు. దారి తప్పి ఉత్తరానికి వచ్చిన సిబ్బందికి కింద నాలుగు దీపాలు కనపడ్డాయి. అవి బాయ్స్ సిటీ కోర్టు చుట్టూ ఉన్న వీధి దీపాలు.

మొత్తం ఆరు బాంబులు. సాధన బాంబులు కాబట్టి లోపల ఎక్కువ భాగం ఇసుక, కొంచెం పేలుడు మందు. ఒకటి గ్యారేజీ కప్పు చీల్చుకుని పడింది, ఒకటి చర్చి పక్కన పడింది. కరెంటు కంపెనీ మనిషి పరుగెత్తి మెయిన్ స్విచ్ లాగి ఊరంతా చీకటి చేశాక గానీ విమానం పోలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. 1993లో యాభయ్యేళ్లు నిండాయని ఊరివాళ్లు ఆ విమాన సిబ్బందిని పండగకి పిలిచారు. ఎవరూ రాలేదు. ఆ రాత్రికి గుర్తుగా ఊళ్లో నేలలో దిగబడ్డట్టు ఒక బాంబు నమూనా పెట్టారు, ఫోటో తీసుకోవచ్చు.

## దుమ్ము కాలం

1930లలో దుమ్ము తుఫాన్లు అమెరికా మైదానాలను కప్పేసిన డస్ట్ బౌల్‌కి ఇదే నడిబొడ్డు అంటారు. అసలు అంత దుమ్ము ఎందుకు లేచింది?

వాన కురవకపోవడం సగం కారణమే. ఈ నేలను పట్టి ఉంచింది పొట్టి గడ్డి వేళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమకి ధర పెరిగింది, ట్రాక్టర్లు వచ్చాయి, 1920లలో వానలూ బాగానే పడ్డాయి. జనం ఎకరాలకి ఎకరాలు గడ్డి దున్నేశారు. ఊళ్లో ఉండకుండా విత్తడానికీ కోయడానికీ మాత్రమే వచ్చిపోయే "సూట్‌కేస్ రైతులు" కూడా దున్నారు. 1930లో గోధుమ ధర కూలింది. ధర పడ్డకొద్దీ ఇంకాస్త పండిస్తే గట్టెక్కుతామని ఇంకాస్త దున్నారు. ఆ తర్వాత వానలు ముఖం చాటేశాయి. విత్తు మొలవని చేలు బోసిగా పడున్నాయి. ఇక్కడ గాలి ఎప్పుడూ ఉండేదే, ఈసారి దాంతోపాటు నేలా లేచింది.

బ్లాక్ సండే అంటే ఏంటి?

1935 ఏప్రిల్ 14, ఆదివారం. వారాల తరబడి దుమ్ము తిన్నాక ఆ పొద్దున ఆకాశం తేటగా ఉంది. జనం కిటికీలు తీసి పక్కబట్టలు ఎండేశారు, చర్చికి వెళ్లారు. మధ్యాహ్నం దాటాక ఉత్తరం నుంచి నల్లటి గోడ ఒకటి కదిలొచ్చింది. సాయంత్రం 5:15 ప్రాంతంలో బాయ్స్ సిటీని మింగేసింది. చెయ్యి ముఖం ముందు పెట్టుకున్నా కనపడలేదని చెప్పుకుంటారు. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి రాబర్ట్ గైగర్, ఫోటోగ్రాఫర్ హ్యారీ ఐసెన్‌హార్డ్ ఆ ఊరికి ఆరు మైళ్ల దూరంలో కారులో చిక్కుకుపోయారు. మర్నాడు గైగర్ రాసిన వార్తలోనే "డస్ట్ బౌల్" అనే మాట మొదటిసారి అచ్చయింది.

ఇళ్లలో ఎలా బతికారు?

కిటికీలకి తడి దుప్పట్లు కట్టేవారు, కాసేపటికే అవి బురద పట్టేవి. తలుపు సందుల్లో గుడ్డ పీలికలు కుక్కేవారు. బల్ల మీద పళ్లాలు, గ్లాసులు బోర్లించి పెట్టి, అన్నీ వడ్డించడానికి సిద్ధమయ్యాకే తిప్పేవారు. పొద్దున లేస్తే దిండు మీద తల ఉన్నంత మేర తెల్లగా, చుట్టూ గోధుమరంగుగా ఉండేది. గాలిలో కరెంటు పుట్టి కారు ఇంజన్లు ఆగిపోయేవి, అందుకని కారు వెనక నేలకి తగిలేలా గొలుసు వేలాడదీసేవారు. చిన్నపిల్లలకీ ముసలివాళ్లకీ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై న్యుమోనియా వచ్చేది. నన్నడిగితే దిండు మీది ఆ తల గుర్తు చాలు, అంకెలు అక్కర్లేదు.

తండ్రీ ఇద్దరు కొడుకులూ దుమ్ములో వంగి నడిచే ఫోటో ఇక్కడిదేనా?

ఇక్కడిదే. 1936 ఏప్రిల్‌లో ఆర్థర్ రాత్‌స్టైన్ ప్రభుత్వ ఉద్యోగిగా ఈ కౌంటీలో తీశాడు. వెనక సగం ఇసుకలో మునిగిన కొట్టం, చెయ్యి అడ్డం పెట్టుకుని వెనకబడ్డ చిన్నోడు. బడి పుస్తకాల్లో డస్ట్ బౌల్ అంటే వేసే బొమ్మల్లో ఇదొకటి.

అందరూ కాలిఫోర్నియా వెళ్లిపోయారా?

లేదు. 1930లో కౌంటీ జనాభా 5,408, అదే ఇప్పటిదాకా అత్యధికం. 1940 నాటికి 3,654కి పడిపోయింది. అంటే ముగ్గురిలో ఒకరి లెక్కన తగ్గారు, మిగతావాళ్లు ఉండిపోయారు. ప్రభుత్వం పాడైన పొలాలు కొని మళ్లీ గడ్డి పెంచింది, ఇప్పటి రీటా బ్లాంకా గడ్డిభూముల్లో కొంత భాగం ఈ కౌంటీలోదే.

## ఇప్పుడు ఎలా ఉంది

జనం దేని మీద బతుకుతారు?

పశువులు, గోధుమ, జొన్న, మొక్కజొన్న. పైనుంచి చూస్తే చేలు గుండ్రటి పళ్లాల్లా ఉంటాయి. బోరు మధ్యలో పెట్టి, చక్రాల మీద పొడవాటి పైపు చుట్టూ తిరుగుతూ తడుపుతుంది. వాన ఏడాదికి సుమారు 17 అంగుళాలే. బోరు నీళ్లు ఓగలాలా అనే భూగర్భ జలాశయానివి. ఎనిమిది రాష్ట్రాల కింద ఉన్న ఆ నీటిని తోడినంత వేగంగా వాన నింపలేదు, మట్టం పడిపోతోంది. బోరు లోతు పెంచుకుంటూ పోయే కథ మనకి కొత్తేం కాదు. కీస్ అనే ఊరి దగ్గర 1959లో ప్రభుత్వం హీలియం ప్లాంటు కూడా పెట్టింది.

జనాభా ఎందుకు తగ్గుతూనే ఉంది?

యంత్రాలు పెద్దవయ్యాయి, పొలాలు ఒకరి చేతిలో పోగుపడ్డాయి, మనుషుల అవసరం తగ్గింది. చదువుకున్న పిల్లలకి అక్కడ ఉద్యోగం లేదు. 2000లో 3,148 ఉన్న జనాభా 2010కి 2,475 అయింది.

కెంటన్‌లో ఫోన్ ఒక టైమ్, ఊరు ఇంకో టైమ్ చూపిస్తుందట?

ఓక్లహోమా అంతా సెంట్రల్ టైమ్. న్యూ మెక్సికో అంచున ఉన్న కెంటన్ మాత్రం అనధికారికంగా గంట వెనకున్న మౌంటెన్ టైమ్ పాటిస్తుంది. అక్కడ ఎవరినైనా కలవాలంటే ఏ టైమో ముందే అడగండి.

## మీరు వెళ్లాలనుకుంటే

డాలస్ నుంచి డెన్వర్ వెళ్తే ఇది దారిలోనే తగులుతుందా?

యూఎస్ 287 పట్టుకుంటే తగులుతుంది: అమరిల్లో, డ్యూమస్, స్ట్రాట్‌ఫర్డ్, తర్వాత బాయ్స్ సిటీ. అమరిల్లో నుంచి సుమారు 120 మైళ్లు. ఊరి నడుమ కోర్టు చుట్టూ రౌండ్ ఉంటుంది, చాలా హైవేలు అక్కడే కలుస్తాయి. గాలిమర రెక్క మోసే లారీ వెనక పడితే ఓపిక పట్టండి. బోర్డు సరిగ్గా చూడకపోతే కొలరాడో బదులు న్యూ మెక్సికో దారి పడతారు. మేమూ ఒకసారి రెండు రౌండ్లు కొట్టాం.

బ్లాక్ మీసా ఎక్కాలంటే ఎంత కష్టం? పిల్లలతో వెళ్లొచ్చా?

ఇది ఓక్లహోమాలో అత్యంత ఎత్తైన చోటు, 4,973 అడుగులు. పూర్వం పారిన లావా గడ్డకట్టి, బల్లలా చదునుగా మిగిలిన కొండ. రానూపోనూ 8.4 మైళ్లు. మొదట చాలాసేపు చదును, తర్వాత ఒక నిటారు ఎక్కుడు, పైన మళ్లీ చదును. శిఖరం దగ్గర గ్రానైట్ స్తంభం ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లలైతే నడవగలరు. నీడ లేదు, నీళ్లు లేవు, గిలక పాములుంటాయి. వేసవిలో తెల్లారేసరికి మొదలుపెట్టకపోతే వెళ్లకపోవడమే మంచిది.

డైనోసార్లు నిజంగా దొరికాయా?

1931లో కెంటన్ దగ్గర రోడ్డు చదును చేస్తుంటే పెద్ద ఎముకలు బయటపడ్డాయి. ఓక్లహోమా యూనివర్సిటీవాళ్లు 1935 నుంచి కొన్నేళ్లు తవ్వించారు. ఒకపక్క దుమ్ము చేలను కప్పేస్తుంటే, ఇంకోపక్క పనిలేని మనుషులు కూలీకి వచ్చి మట్టి తీసి ఎముకలు బయటపెట్టారన్నమాట. వాగు అడుగున పాదాల గుర్తులు కూడా ఉన్నాయి. బాయ్స్ సిటీ మ్యూజియం ముందు "సిమ్మీ" అనే ఇనుప డైనోసార్ నిలబడి ఉంటుంది, పిల్లలకి అదే ఎక్కువ నచ్చుతుంది.

రాత్రి ఆకాశం బాగుంటుందని విన్నాం?

కెంటన్ వైపు చీకటి నిజమైన చీకటి. పాలపుంత మామూలు కంటికి మబ్బులా కనిపిస్తుంది. ఏటా శరదృతువులో ఓకీ-టెక్స్ స్టార్ పార్టీ అని టెలిస్కోపులతో వందల మంది వచ్చి గుడారాలు వేస్తారు. అక్కడ తెల్ల టార్చి వేస్తే తిడతారు, ఎర్ర కాగితం చుట్టుకుని వెళ్లండి.

పెట్రోలు, తిండి సంగతి?

బాయ్స్ సిటీలో ట్యాంకు నింపుకోండి. కెంటన్ వైపు వెళ్తే మధ్యలో పంపు ఉంటుందని నమ్ముకోవద్దు, ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పులిహోర, నీళ్ల క్యాన్ వెంట ఉంటే టెన్షన్ ఉండదు.